గురువారం బల్ల

మిల్వాకీ
24 అక్టోబరు 1983, సోమవారం

ఏవాల్డ్,

ఇవాళ మనకి సెలవు రోజు కదా, కాళ్లు రెండూ ఎదురుకుర్చీ మీద పారేసుకుని కాగితం ఒళ్లో పెట్టుకుని రాస్తున్నాను. అందుకే అక్షరాలు కొండలెక్కి దిగుతున్నాయి. ఫోను చెయ్యొచ్చుగా అని నువ్వంటావు. ఆ గొట్టంలోకి అరవడం నా వల్ల కాదు.

ప్లాట్ పోయాడు. మంగలి ప్లాట్, మన పెద్ద పండక్కి నీ తల డిప్పలా గొరిగినవాడు. ఎనభై నాలుగేళ్లు. శనివారం మట్టి చేసి అందరూ తిన్నగా మన బీరు కొట్టుకే, ఎర్రపుంజుకే వచ్చారు. నలభై మంది. మన వంట మిల్కా పొద్దున నాలుగింటికి లేచి బంగాళాదుంప కుడుములు చుట్టింది. దానికీ మోకాళ్లు పోయాయి, నాకూ పోయాయి. మా ఇద్దరివీ కలిపితే ఒక జత పనికొచ్చే కాళ్లు దొరకవు వంటింట్లో.

ప్లాట్ భార్య వెళ్లేటప్పుడు నా చెయ్యి పట్టుకుని, "ఇహ గురువారాలు ఇంట్లోనే ఉంటాడులే" అంది. చావు భోజనంలో కూడా దెప్పడం మానదు ఆవిడ. నేనేమన్నా వాళ్లాయన్ని తాడేసి లాక్కొచ్చానా? అరవై ఏళ్లు తన కాళ్లతో తనే వచ్చాడు.

ఇప్పుడు గుండ్రబల్ల దగ్గర ఇద్దరే మిగిలారు. పీపాలు చేసే నిగెమన్, అకార్డియన్ వాయించే లోరెంత్స్. నిన్న బల్ల తుడుస్తుంటే నాన్న మాట గుర్తొచ్చింది. మద్యం నిషేధం పెట్టిన ఆ పదమూడేళ్లు ఈ వీధిలో ఒక్కొక్క కొట్టూ మూతపడుతుంటే, ఈ బల్ల వాళ్లే కదా ప్రతి గురువారం వచ్చి, ఆ మత్తులేని తీపి మాల్టు నీళ్లు బీరనుకుని తాగి మనల్ని నిలబెట్టింది. "ఈ బల్ల దగ్గర ఒక్క మనిషి కూర్చున్నా మన తలుపు తెరిచే ఉండాలి" అన్నాడు నాన్న. నా చేత ఒట్టు కూడా వేయించుకున్నాడు. నువ్వు చిన్నవాడివని నిన్ను వదిలేశాడు. అదృష్టవంతుడివి.

నాకు డెబ్భై ఒకటి. నిలబడితే సాయంత్రానికి కాళ్లు గుమ్మడికాయలవుతున్నాయి. ఈ చలికాలం ఎలా గడుస్తుందో తెలియడం లేదు. నువ్వేమంటావు?

మీ ఆవిడ లీనోర్‌ని అడిగానని చెప్పు. నీ ఆయాసం ఎలా ఉందో రాయి.

అలిసిపోయిన మీ అక్క,
ట్రౌడెల్


టూసాన్, అరిజోనా
2 నవంబరు 1983

ప్రియమైన అక్కకి,

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. ప్లాట్ గురించి చదివి ఏడుపొచ్చింది. ఏడిస్తే ఆయాసం వస్తుంది కాబట్టి వరండాలోకి పోయి కూర్చున్నాను. ఇక్కడ నవంబర్లో కూడా చొక్కా విప్పుకునే ఎండ.

నువ్వు కాళ్ల గురించి అడిగావు కదా, నేను ఊరుకుంటానా! రెండు పొట్లాలు పంపుతున్నాను. ఒకదాంట్లో సాగే మేజోళ్లు, మోకాలి దాకా వస్తాయి. పొద్దున మంచం దిగకముందే తొడుక్కోవాలి. రెండోదాంట్లో మందపాటి రబ్బరు పట్టా. బీరు పట్టే చోట కింద పరుచుకుని దాని మీద నిలబడు. ఇక్కడ ఒక మంగలి దానిమీదే రోజంతా నిలబడతాడు, యాభై ఏళ్లవాడు పాతికేళ్లవాడిలా ఉన్నాడు. దీంతో ఇంకో పదేళ్లు ఢోకా లేదు నీకు!

ఎర్రపుంజు అంటే నువ్వు, నువ్వంటే ఎర్రపుంజు. పునాదిరాయివి నువ్వు. చలికాలాలు ఎన్ని చూడలేదు మనం?

లీనోర్ నీకు ముద్దులు పంపుతోంది. వెనక గదిలో నేను రాళ్లు పెట్టుకున్నాను. ఎడారిలో ఏరినవి, మూడొందల రకాలు. నువ్వెలాగూ ఇక్కడికి వచ్చి ఉండేదానివి కాదుగా, గది ఊరికే ఎందుకని.

నీ తమ్ముడు,
ఏవాల్డ్

తా.క. మేజోళ్లు వేడినీళ్లలో ఉతక్కు.


మిల్వాకీ
21 నవంబరు 1983, సోమవారం

ఏవాల్డ్,

పొట్లాలు అందాయి. మేజోళ్లు తొడగాలంటే ఇద్దరు మనుషులు కావాలి, ఒకరు కాలు పట్టుకోడానికి, ఒకరు లాగడానికి. పట్టా మిల్కాకి ఇచ్చాను. సింకు దగ్గర వేసుకుంది. దానికి బాగుందట.

ఇంకో పదేళ్లన్నావు. సరే.

లోరెంత్స్ వెళ్లిపోతున్నాడు. కూతురు వచ్చి డులూత్ తీసుకుపోతోంది. వెళ్తూ తన మగ్గు తీసుకుపోతానన్నాడు, అల్మారా తాళం తీసి ఇచ్చాను. ముప్ఫై ఏళ్లుగా చేతికి అలవాటైన మగ్గు. బయటికెళ్లి కార్లో కూర్చుని, మళ్లీ దిగొచ్చి, "ట్రౌడెల్, ఏమీ అనుకోకమ్మా" అన్నాడు. ఏమనుకుంటాను? కూతురింటికి వెళ్లడం నేరమా? వీళ్లకేం పట్టుకుందో నాకు అర్థం కావడం లేదు. ఆ మనిషి నా దగ్గర సెలవు తీసుకోలేదు, క్షమాపణ అడిగాడు.

నీ రాళ్లకి మంచి గది దొరికింది, సంతోషం.

శుక్రవారాలు చేపల వేపుడుకి జనం బాగానే వస్తున్నారు. కుర్ర జంటలు. గుండ్రబల్ల ఖాళీగా ఉందని కూర్చోబోతారు, నేను లేపేస్తాను. "ఎవరి కోసం?" అని అడుగుతారు. గురువారం వచ్చేవాళ్ల కోసం అంటే, "ఇవాళ శుక్రవారం కదండీ" అంటారు.

ట్రౌడెల్


టూసాన్
8 డిసెంబరు 1983

అక్కా,

నీ ఉత్తరం పొట్టిగా ఉంది. నువ్వెప్పుడు పొట్టిగా రాసినా నాకు భయం. బావ పోయినప్పుడు, నేనింకా ఆ ఊళ్లోనే ఉన్నా, ఇలాగే చీటీ రాసి పంపావు, "ఓట్మార్ పోయాడు. శుక్రవారం రా" అని, అంతే. లీనోర్ అంటోంది నీకు కోపం వచ్చిందని. కోపమెందుకొస్తుంది, మేజోళ్లు పంపినందుకా? ఒంటరితనం అని నేనన్నాను. ముగ్గురుండే బల్లకి ఒక్కరు మిగిలితే ఎవరికుండదు.

కానీ నిగెమన్ ఉన్నాడు కదా. ఆయన నిన్ను వదలడు, ఆ పూచీ నాది. ఎనభై ఎనిమిదేళ్లు వచ్చినా ఓక్ చెక్కలాంటి మనిషి.

పండక్కి ఒక డబ్బా ఎండు ఖర్జూరాలు పంపుతున్నాను. ఇక్కడివే. మిల్కాకి సగం ఇవ్వు. ఇవ్వకపోతే నాకు తెలిసిపోతుంది, తను నాకు రాస్తుంది.

దిగులు పడకు. తలుపు తెరిచి ఉంచు, వచ్చేవాళ్లు వస్తారు.

నీ ఏవాల్డ్


మిల్వాకీ
9 జనవరి 1984

తమ్ముడూ,

ఖర్జూరాలు బాగున్నాయి. మిల్కాకి సగం కంటే ఎక్కువే ఇచ్చాను, కావాలంటే అడుగు.

ఒక మాట రాయాలి. ఎవరితోనూ అనలేని మాట. ఫాదర్ దగ్గర పాపం ఒప్పుకోడానికి వెళ్లి కూడా నోరు రాక ఏదో చిన్న అబద్ధం గురించి చెప్పి వచ్చేశాను.

మొన్న గురువారం మంచు మోకాలి లోతు పడింది. మధ్యాహ్నం నుంచి ఒక్క పిట్ట రాలేదు. నాలుగైంది, నాలుగున్నరైంది. ఇవాళ నిగెమన్ రాడు అనుకున్నాను. ఎంత సుఖంగా అనిపించిందో నీకు చెప్పలేను. తలుపు గడియ పెట్టేసి పైకి పోయి వేడినీళ్లలో కాళ్లు పెట్టుకుందామని ఏప్రన్ ముడి విప్పాను కూడా. ఐదింటికి టాక్సీ వచ్చి ఆగింది. డ్రైవరు ఆయన్ని ఒక చంకలో, చేతికర్రని ఇంకో చంకలో పట్టుకుని గుమ్మం ఎక్కించాడు. మీసాల నిండా మంచు. "వచ్చేశాను పిల్లా, కంగారుపడకు" అన్నాడు. నాకు డెబ్భై ఒకటొచ్చినా ఆయనకి నేను పిల్లనే.

అప్పుడు నా మనసులో ఏమనిపించిందో తెలుసా? ఈయన రాకుండా ఉంటే బాగుండును అని. గురువారాలు రాకుండా, అసలెప్పుడూ రాకుండా ఉంటే బాగుండునని. మనం పుట్టినప్పట్నుంచీ మిఠాయి పెట్టిన మనిషి గురించి! నోట్లోంచి రాలేదు కానీ ముఖం మీద ఉండే ఉంటుంది. ఆయన రెండు గంటలు కూర్చున్నాడు. మిల్కా ఆయన మగ్గు రెండుసార్లు నింపుకొచ్చింది. గోడ గడియారం తప్ప ఏ చప్పుడూ లేదు. ఆయన దాన్నే చూస్తున్నాడు, నేనూ దాన్నే చూస్తున్నాను.

ఎంత పాపిష్టిదాన్ని నేను.

ట్రౌడెల్


టూసాన్
17 జనవరి 1984

అక్కా,

నీ మనసు నాకు తెలుసు. మంచులో పడిపోతాడేమోనని ఆయన మీద నీకు బెంగ, అంతే. దానికి పాపమనే పేరెందుకు! అంత ప్రేమగల మనిషివి నువ్వు.

అయినా టాక్సీ ఆలోచన ఎవరిదనుకున్నావు? నాదే. ఇప్పుడు మళ్లీ రాశాను ఆయనకి, గుమ్మం దాకా కాదు, బల్ల దాకా డ్రైవరుని తీసుకురమ్మనమని. ఆయన మానడు. నువ్వు నిశ్చింతగా ఉండు. చలికాలం ఎంతలోకి పోతుంది.

ఏవాల్డ్


మిల్వాకీ
6 ఫిబ్రవరి 1984

ఏవాల్డ్!

కూర్చుని చదువు. పక్కన నీ మందు పెట్టుకో, ఆయాసమొస్తుంది.

గురువారం నిగెమన్ మన గుమ్మం మెట్టు మీద జారిపడ్డాడు. నేను పొద్దున్నే రెండుసార్లు ఉప్పు చల్లాను, అయినా గడ్డకట్టింది. తుంటి ఎముక విరిగింది. ఆపరేషన్ చేశారు. బతికే ఉన్నాడు. నిన్న కొట్టు మిల్కాకి వదిలేసి వెళ్లి చూశాను.

మంచం పక్కన కూర్చున్నాను. ఆయన కళ్లు తెరిచి ముందు అడిగిన మాట, "ఇవాళ గురువారమా?" అని. ఆదివారం అన్నాను. "హమ్మయ్య" అన్నాడు.

"ఏంటి హమ్మయ్య?" అన్నాను.

"పిల్లా, నన్ను క్షమించు. ఇహ నేను రాలేను" అన్నాడు. "నా వల్ల కాదు. నువ్వు తట్టుకోవాలి."

"నేను తట్టుకోవడమేంటి?"

"మేం రాకపోతే నువ్వు బతకవటగా" అన్నాడు ఆ ముసలాయన, గొట్టాలన్నీ తగిలించుకుని. "ఏవాల్డ్ రాశాడుగా. మీ ఆయన పోయిన దగ్గర్నుంచీ నెలనెలా రాస్తూనే ఉన్నాడు. మా అక్కని గురువారం ఒంటరిగా వదలకండి, ఆ బల్ల ఖాళీ అయితే అక్క ఉండదు అని. ముగ్గురం మాటిచ్చాం. పాపం ప్లాట్ గుండె కోయించుకుని మూడో వారానికే వచ్చాడు, గుర్తుందా? వాళ్లావిడ తలుపుకి అడ్డం పడుకుందట. లోరెంత్స్ వెళ్లిపోయాడని వాడి మీద నాకు ఇప్పటికీ కోపమే."

ఇంకా విను. ఆయనకి డాక్టరు బీరు మాన్పించి ఆరేళ్లయిందట! ఆరేళ్లుగా ఆ రాతిమగ్గులో మూత కింద మిల్కా వంటింట్లోంచి మాల్టు నీళ్లు పోస్తోంది. నా కళ్లముందే. "నిషేధం రోజుల్లో తాగలేదా, ఇప్పుడూ తాగాం" అని నవ్వాడు. నవ్వితే నొప్పి పుట్టి ఏడ్చాడు.

నేనేం చెప్పాలి ఆయనకి? మీ కోసమే నేను తలుపు తెరుస్తున్నానండీ, మీరు పోతే నా ఒట్టు తీరుతుందని పదకొండేళ్లుగా ఎదురుచూస్తున్నానండీ అని చెప్పనా? చెప్పాను. నిజంగా చెప్పేశాను, తమ్ముడూ. దాచుకోడానికి నాలో ఇంక ఓపిక లేదు. ఆయన, "అయితే ఎవరి కోసం వచ్చినట్టు మనమందరం?" అన్నాడు.

నువ్వు చెప్పు. ఎవరి కోసం? నిన్నెవరు రాయమన్నారు? నా కాళ్లు పోయాయని రాస్తే మేజోళ్లు పంపావు. ఈ చలికాలం గడవదని రాస్తే పదేళ్లన్నావు. వెనక గదిలో రాళ్లు నింపుకుని, నువ్వెలాగూ రావుగా అన్నావు. నాకు రావాలని ఉందో లేదో ఒక్కసారి, ఒక్కటంటే ఒక్కసారి అడిగావా? నేను పడుకోవాలిరా. నాకు ఇంకేమీ అక్కర్లేదు, పడుకోవాలి.

నీ ఖర్జూరాలు నువ్వే తిను.

వాల్ట్రౌట్


టూసాన్
13 ఫిబ్రవరి 1984

అక్కా,

పూర్తి పేరుతో సంతకం చేశావు. అమ్మ కొట్టబోయే ముందు అలాగే పిలిచేది.

నేను చేసింది చేశాను. కాదనను. కానీ ఎందుకు చేశానో విను, తర్వాత తిట్టు.

బావ చావు భోజనం నీకు గుర్తుందా? బీరు కంపెనీ ఏజెంటు, ఆ బట్టతలాయన, "ఇహ మూసేస్తారామ్మా?" అని అడిగాడు. నువ్వు కౌంటరు మీద గరిటె పెట్టి కొట్టావు. "ఈ తలుపు మూసిన రోజున నా శవపేటిక మూత కూడా మూసెయ్యండి" అన్నావు. నేను నీ పక్కనే ఉన్నాను. మర్నాడు నేను రైలెక్కి ఇక్కడికి వచ్చేయాలి, డాక్టరు ఆ చలిలో ఇంకో ఏడాది ఉంటే ఊపిరితిత్తులు దక్కవన్నాడు. అక్కని అలా వదిలేసి పోతున్న తమ్ముడు ఏం చేస్తాడు? రైలెక్కేముందు ఆ ముగ్గురి దగ్గరికీ వెళ్లి చేతులు పట్టుకున్నాను. అక్కణ్నుంచి నెలకో ఉత్తరం. అది రాసినప్పుడల్లా నిన్ను చూసుకుంటున్నాననుకున్నాను. అది తప్ప నేను నీకు చేసిందేముంది?

నిన్ను అడగలేదు. నిజమే. ఎందుకడగలేదో నిజం చెప్పనా? మూసేస్తానంటావేమోనని భయం. నేను పుట్టిన ఇల్లది, ఆ గోడలకి నా పేరు చెక్కి ఉంది. అది అక్కడ దీపాలతో ఉందనుకుంటే నాకిక్కడ నిద్ర పట్టేది. నీ కాళ్ల మీద నిలబెట్టి నేను నిద్రపోయాను అక్కా. ఇది రాస్తుంటే సిగ్గుగా ఉంది.

మూసెయ్యి. దయచేసి మూసెయ్యి.

రాళ్లన్నీ పెరట్లో పారబోశాను. లీనోర్ గదికి సున్నం వేయిస్తోంది. మంచం కిటికీ పక్కన వేశాం.

ఏవాల్డ్


మిల్వాకీ
20 ఫిబ్రవరి 1984

ఉత్తరం అందింది. మూడు రోజులు కోపంగా ఉన్నాను. నాలుగో రోజు కోపానికి కూడా ఓపిక చాలలేదు.

ఆ ఏజెంటు నోటి నిండా మిల్కా చేసిన కుడుము పెట్టుకుని అడిగాడురా ఆ మాట. నా మొగుణ్ని మట్టిలో పెట్టి రెండు గంటలు కాలేదు. గరిటె వాడి నెత్తిన పెట్టాల్సింది, కౌంటరు మీద పెట్టాను. చావింట్లో ఆడది వంద అంటుంది. అందులో ఒక్కటి పట్టుకుని పదకొండేళ్లు పోస్టు చేస్తావా?

నేనూ అంతేలే. నాన్న మాట ఒక్కటి పట్టుకున్నాను. వాళ్లని "మీకు రావాలని ఉందా?" అని నేనెప్పుడడిగాను?

మార్చి 11, ఆదివారం, ఆఖరి రోజు. నువ్వు రావద్దు. చలి తగ్గలేదు.

ట్రౌడెల్


మిల్వాకీ
24 మార్చి 1984, శనివారం

ప్రియమైన ఏవాల్డ్,

మూసేశాను. ఆ రోజు గురించి ఎక్కువ రాయను. ఇరవయ్యేళ్లుగా మొహం చూపించనివాళ్లంతా వచ్చి, కుడుములు తిని, "అయ్యో, మా చిన్నతనం పోయింది" అని ఏడ్చారు. వీళ్లలో సగం మంది మామూలు రోజుల్లో వచ్చి ఉంటే నేను ఇంత ఒంటరిగా నిలబడి ఉండేదాన్ని కాదు. మిల్కా వాళ్ల ముఖం మీదే అంది ఆ మాట. అల్మారాలో మగ్గులు ఎవరివి వాళ్లకిచ్చాను. ప్లాట్ మగ్గు వాళ్లావిడ ఇంటికి నేనే తీసుకెళ్లాను. క్షమించమన్నాను. ఆవిడ కాఫీ ఇచ్చింది. తిట్టలేదు. తిడితే బాగుండేది.

తర్వాత నిద్రపోయాను. అబద్ధం కాదు, తొమ్మిది రోజులు నిద్రే. లేవడం, ఇంత సూపు తాగడం, మళ్లీ పడుకోవడం. మిల్కా వచ్చి బతికున్నానో లేదో చూసి పోయేది. కాళ్ల వాపు తగ్గింది. నా చీలమండ ఎముకలు చూసి ఎన్నేళ్లయిందో!

ఇప్పుడు నువ్వు అడగాల్సిన ప్రశ్న. ఎప్పుడొస్తున్నావు అని. ఇప్పుడే రానురా. లీనోర్‌కి చెప్పు, గది చూస్తే కళ్లు నిండేలా ఉంటుందని నాకు తెలుసు, కానీ ఇప్పుడే రాను. ఎందుకని మనసులో ఏదో ఊహించుకుని ఎవరికీ ఉత్తరాలు రాయకు. నేనే చెప్తాను.

మొన్న గురువారం పొద్దున లేచాను. చెయ్యాల్సిన పని ఒక్కటీ లేదు. ఎక్కడికీ వెళ్లక్కర్లేదు, ఎవరూ రారు. నాలుగింటికి కోటు తొడుక్కున్నాను. టాక్సీ పిలిచి నిగెమన్‌ని పెట్టిన వృద్ధాశ్రమానికి వెళ్లాను. కిటికీ దగ్గర చక్రాల కుర్చీలో ఉన్నాడు, ఒళ్లో దుప్పటి. నన్ను చూసి ముఖం చిట్లించాడు.

"ఎందుకొచ్చావు? మళ్లీ ఆ ఏవాల్డ్ గాడు రాశాడా?"

"లేదు."

"మీ నాన్నకి ఇంకో ఒట్టేమన్నా వేశావా?"

"లేదండీ."

"మరి?"

"రావాలనిపించింది, వచ్చాను" అన్నాను.

ఆయన నా కేసి అనుమానంగా చూశాడు. "చూడు పిల్లా, నాకు బాధ్యతగా ఎవరూ రానక్కర్లేదు. నిజం చెప్పు" అన్నాడు. నిజమే చెప్తున్నానన్నాను. "సరే, అయితే కూర్చో" అన్నాడు.

కూర్చున్నాను. కాసేపటికి ఆయన తల వాలిపోయింది. గురక మొదలైంది. లేచి వచ్చెయ్యొచ్చు, ఎవరూ ఏమీ అనరు. నాకు లేవాలనిపించలేదు. ఆయన చెయ్యి దుప్పటి మీద ఉంది, పీపాలు బిగించి బిగించి వంకరపోయిన వేళ్లు. దాని మీద నా చెయ్యి వేసి నేనూ కళ్లు మూసుకున్నాను. నర్సు వచ్చి లేపేసరికి ఆరున్నర.

"మీరు ఆయనకేమవుతారు?" అని అడిగింది. ఏమీ కానన్నాను. వచ్చే గురువారం వస్తానని కూడా చెప్పాను.

మీ అక్క,
ట్రౌడెల్